కడ్డీ మీద నడక చెవికి పరీక్ష కాదు

బెంగళూరు చుట్టుపక్కల పెద్ద కట్టడాల వద్ద, ఎత్తున పనిచేయవలసిన కార్మికునికి ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టడం వాడుక. నేలకు ఒక అడుగు ఎత్తున అమర్చిన ఇనుప కడ్డీ మీద ఒక చివరి నుంచి మరొక చివరికి నడవాలి. నడిచినవారికి ‘హైట్ పాస్’ అనే చీటీ లభిస్తుంది. తూలినవారిని నేలమీది పనికి మళ్లిస్తారు. రక్తపోటు కొలవడం, మూర్ఛవ్యాధి ఉన్నదా అని అడగడం కూడా చాలాచోట్ల ఇందులో భాగమే. కార్మికుల నోట దీని పేరు ‘వర్టిగో టెస్ట్’. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి కోలారులోను, కేజీఎఫ్‌లోను, నరసాపుర పారిశ్రామిక ప్రాంతంలోను కాపురముంటున్న తెలుగువారికీ, సుగటూరు హోబళి పల్లెల నుంచి పట్నం పనులకు వెళ్లివచ్చేవారికీ ఈ మాట కొత్తది కాదు.

వర్టిగో అంటే తాను గాని, తన చుట్టూ ఉన్న లోకం గాని తిరుగుతున్నట్లు తోచడం. ఆ తిరుగుడుకు తరచుగా మూలం లోపలి చెవిలో ఉంటుంది. చిత్రమేమంటే, కడ్డీ మీది నడక లోపలి చెవిని దాదాపుగా పరీక్షించనే పరీక్షించదు. పగటి వెలుగులో కళ్లు తెరచి, తల కదల్చకుండా, గట్టి ఆధారం మీద పాదం మోపి నడిచే మనిషిని నిలబెట్టేవి ప్రధానంగా కళ్లు, కాళ్లు. తాడు మీద నడిచే ఆటగాళ్లు ఎదుట ఒక గురుతు మీద చూపు నిలిపి అడుగు వేయడం ఇందుకే. కనుక చెవి దెబ్బతిన్న మనిషి కడ్డీని సునాయాసంగా దాటిపోవచ్చు. చెవి బాగున్న మనిషి భయం వల్లనో, ముందురాత్రి నిద్ర లేకపోవడం వల్లనో తూలవచ్చు. మొదటివాడు పరంజా ఎక్కుతాడు, రెండవవాడు ఆనాటి కూలి పోగొట్టుకొంటాడు. రెండూ అన్యాయాలే. చెవిని నిజంగా పరీక్షించే పద్ధతులు వేరే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవాటికి యంత్రం అక్కరలేదు. ఒక మంచం, ఒక మందపాటి నురుగుపరుపు ముక్క, శిక్షణ పొందిన ఒక వైద్యుడు చాలు.

రోగి చెప్పే మాట

తెలుగులో ‘కళ్లు తిరుగుతున్నాయి’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు బాధలు దాగి ఉంటాయి. లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి సొమ్మసిల్లబోవడం ఒకటి. రక్తపోటు పడిపోవడం, రక్తహీనత, ఎండలో పని, వేళకు తిండి లేకపోవడం వంటివి దీనికి కారణాలు. తల దిమ్ముగా, బరువుగా ఉండటం రెండవది. కూర్చున్నంతసేపు బాగానే ఉండి, నడిస్తే మాత్రం పడవలో ఉన్నట్లు తూలిపోవడం మూడవది. ఇల్లంతా గిర్రున తిరిగి, గోడలు పరుగెత్తి, వాంతి రావడం నాలుగవది. కోలారు జిల్లా ఆసుపత్రులలో వైద్యుడు కన్నడంలో అడుగుతాడు, రోగి తెలుగులో తలచుకొని సగం కన్నడంలో చెబుతాడు. చివరకు ఈ నాలుగూ ‘తలె సుత్తు’ అనే ఒకే మాటగా చీటీ మీదికి ఎక్కుతాయి. అక్కడే పరీక్ష దారి తప్పుతుంది.

ఏది తిరుగుతున్నదో చెప్పడం కన్నా, ఎంతసేపు తిరిగింది, ఏమి చేస్తుండగా తిరిగింది అన్న రెండు సంగతులు స్పష్టంగా చెప్పడం మేలు. పక్క మీద ఒక వైపు ఒరిగినప్పుడు, అటక మీది సామాను కోసం తల పైకెత్తినప్పుడు, తలంటుకొనేటప్పుడు తల వెనక్కు వాల్చినప్పుడు కొద్ది సెకన్లు తిరిగి ఆగిపోతే అది ఒక రకం. చెవిలో హోరు, చెవి నిండినట్లు బరువు, వినికిడి తగ్గడం, వాటితో పాటు ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటలవరకు తిరుగుడు ఉంటే మరొక రకం. ఏ కదలికా లేకున్నా రోజంతా, లేదా రెండు మూడు రోజులు ఎడతెగకుండా తిరిగితే అది మూడవ రకం. ఈ వివరం తెలిస్తే ఏ పరీక్ష చేయాలో సగం తేలిపోయినట్లే.

ఈ తిరుగుడుకు చెవి మూలమన్న సంగతి వైద్యులు గుర్తించడానికి కూడా చాలా కాలం పట్టింది. 1861లో పారిస్ నగరంలో ప్రాస్పర్ మెనియే అనే వైద్యుడు చెప్పేవరకు, హఠాత్తుగా తల తిరిగి పడిపోయేవారికి మెదడులో రక్తం పేరుకొన్నదని భావించి నెత్తురు తీసేవారు. గంటల తరబడి వచ్చే రెండవ రకం వ్యాధి నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది. నెత్తురు తీయడం పోయింది గాని, చెవిని చూడకుండా వేరే చోట వెదికే అలవాటు పూర్తిగా పోలేదు. తల తిరుగుతున్నదనగానే మెడ ఎక్స్‌రే తీయించడం, ‘మెడ ఎముకలు అరిగాయి’ అని చెప్పడం, నెలల తరబడి మాత్రలు వాడటం తరచుగా కనిపించే సంగతే. నలభై ఏళ్లు దాటిన చాలామంది మెడ ఎముకలలో అరుగుదల కనిపిస్తుంది. అది కనిపించినంత మాత్రాన తిరుగుడుకు అదే కారణమని చెప్పడానికి లేదు.

ఒప్పులకుప్ప ఆటలోని శాస్త్రం

ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప గిరగిర తిరిగి ఒక్కసారిగా ఆగినప్పుడు, కాళ్లు ఆగినా లోకం ఆగదు. వాకిలి, చెట్టు, ఆకాశం తిరుగుతూనే ఉంటాయి. లోపలి చెవి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అవసరం లేదు.

ప్రతి చెవి లోపల ఎముకలో తొలిచినట్లున్న మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. గది మూలలో నేల, రెండు గోడలు కలిసినట్లు ఈ మూడూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. కనుక తల ఏ వైపు తిరిగినా ఏదో ఒక నాళం ఆ తిరుగుడును పసిగడుతుంది. నాళంలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ద్రవం కొంచెం వెనుకబడి, నాళంలో అడ్డుగా ఉన్న మెత్తని తెరను వంచుతుంది. ఆ తెరకు అంటుకొన్న సన్నని రోమకణాలు మెదడుకు కబురు పంపుతాయి. చాలాసేపు తిరిగి ఆగినప్పుడు తల ఆగినా ద్రవం వెంటనే ఆగదు, తెర ఎదురువైపు వంగుతుంది. అందువల్లనే లోకం ఇంకా తిరుగుతున్నట్లు తోస్తుంది.

నాళాల పక్కనే రెండు చిన్న సంచులు ఉన్నాయి. వాటిలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరచుకొని ఉంటాయి. ముగ్గులో వాడే సున్నపురాయి పిండిలో ఉన్న పదార్థమే అది. భూమి ఏ వైపు లాగుతున్నదో, శరీరం ముందుకు కదులుతున్నదో పైకి లేస్తున్నదో ఈ స్ఫటికాల బరువు వల్ల తెలుస్తుంది. లిఫ్ట్ కదలిన క్షణాన కళ్లు మూసుకొని ఉన్నా పైకా కిందికా అన్నది తెలిసేది వీటి వల్లనే.

చెవికి ఇంకొక పని ఉన్నది. తల ఇటు తిరిగితే, సెకనులో నూరవ వంతు కాలంలో కనుగుడ్లను అటు తిప్పి చూపును నిలుపుతుంది. నడుస్తూ దుకాణం బోర్డు చదవగలగడం దీని వల్లనే. చెవిలో తప్పు జరిగితే కనుగుడ్లు తమంతట తామే ఒక వైపుకు జారుతూ, చటుక్కున వెనక్కు వస్తూ అదురుతాయి. కనుక చెవి పరీక్షలలో వైద్యుడు ఎక్కువగా చూసేది రోగి చెవిలోకి కాదు, కళ్లలోకి.

మంచం మీది పరీక్ష

పక్క మీద ఒరిగినప్పుడు సెకన్లపాటు వచ్చే మొదటి రకం తిరుగుడు అన్నిటికన్నా తరచుగా కనిపించేది. సంచిలో ఉండవలసిన స్ఫటికాలు కొన్ని ఊడి, నాళంలోకి జారుకోవడమే దీనికి కారణం. తల ఒరిగినప్పుడు అవి నాళంలో దొర్లి ద్రవాన్ని కదిలిస్తాయి. తల తిరగకున్నా తిరుగుతున్నదని చెవి మెదడుకు అబద్ధం చెబుతుంది. యాభై ఏళ్లు దాటినవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, ఇది ఎక్కువ. తలకు దెబ్బ తగిలిన తరువాత ఏ వయసులోనైనా రావచ్చు. కట్టడాలలో పనిచేసేవారు, ద్విచక్రవాహనం మీద నుంచి పడినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దీనిని కనిపెట్టే పరీక్షను 1952లో లండన్ వైద్యులు మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించారు. రోగిని మంచం మీద కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు సుమారు 45 డిగ్రీలు తిప్పి, వేగంగా వెల్లకిలా పడుకోబెట్టి, తలను మంచం అంచుకు కొద్దిగా కిందికి వాలేలా పట్టుకొంటారు. రోగి కళ్లు తెరిచే ఉంచాలి. స్ఫటికాలు జారి ఉంటే, కొన్ని సెకన్లు ఆగి, కనుగుడ్లు గిర్రుమని మెలికపడుతూ పైకి అదరడం మొదలవుతుంది. నిమిషం లోపల ఆగిపోతుంది. ఏ పక్కకు తిప్పినప్పుడు వస్తే ఆ పక్క చెవే దోషి. మరొక పక్కకు కూడా ఇలాగే చూస్తారు. మొత్తం ఐదు నిమిషాల పని. స్కానింగ్‌లో ఈ స్ఫటికాలు కనిపించవు, రక్తపరీక్షలో తెలియవు. కదలికే దీనికి పరీక్ష.

పరీక్ష ఎంత చిన్నదో చికిత్స కూడా అంత చిన్నది. జాన్ ఎప్లీ అనే అమెరికన్ వైద్యుడు రూపొందించిన పద్ధతిలో, తలను వరుసగా కొన్ని భంగిమలలో తిప్పి, ప్రతి భంగిమలో కొద్దిసేపు ఆపి, స్ఫటికాలను నాళం నుంచి తిరిగి సంచిలోకి జార్చుతారు. ఒకటి రెండుసార్లతోనే ఎక్కువమందికి నయమవుతుంది. మొదట ఈ మాటను చాలామంది వైద్యులు నమ్మలేదు. తలను అటూ ఇటూ తిప్పితే జబ్బు పోవడం మంత్రంలా తోచిందేమో. ఇప్పుడు ఇదే ప్రామాణిక చికిత్స. ఇది ఒక్కటే కారణమైనవారికి నెలల తరబడి మాత్రలు మింగవలసిన అవసరం లేదు. ఏ చెవి, ఏ నాళం అన్నది తేలనిదే ఎవరికివారు వీడియోలు చూసి తల తిప్పుకోవడం మాత్రం తగదు. మెడకు గాయమైనవారు, మెడ ఎముకల జబ్బు తీవ్రంగా ఉన్నవారు పరీక్షకు ముందే ఆ సంగతి చెప్పాలి.

కడ్డీ పరీక్ష ఎందుకు మోసం చేస్తుందో ఇప్పుడు సులభంగా బోధపడుతుంది. ఇలాంటి రోగి కడ్డీ మీద నేరుగా చూస్తూ నడిచినంతసేపు స్ఫటికాలు కదలవు. అతడు ఆరోగ్యవంతుడే. నాలుగవ అంతస్తులో పరంజా మీద నిలబడి, పైకప్పుకు రంగు వేయడానికి తల వెనక్కు వాల్చిన క్షణాన అవి దొర్లుతాయి. కడ్డీ మీద చూసిన మనిషి ఒకడు, పరంజా మీది మనిషి వేరొకడు.

మెత్తని నేల మీద, కళ్లు మూసుకొని

పాదాలు చేర్చి, కళ్లు మూసుకొని నిలబడమనడం చాలామంది చూసిన పరీక్ష. 19వ శతాబ్దంలో బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్ దీనిని ప్రసిద్ధం చేశాడు. అయితే ఆయన వెదికినది చెవి జబ్బును కాదు, వెన్నుపాము చెడి కాళ్ల స్పర్శ పోవడాన్ని. కళ్లు మూసినా, చెవి చెడినా, గట్టి నేల మీద కాళ్లు చాలావరకు మనిషిని నిలబెడతాయి. అందుచేత గట్టి నేల మీద నిలబడగలిగినంత మాత్రాన చెవి బాగున్నదని అనుకోరాదు.

మనిషి నిలకడ మూడు దారుల మీద ఆధారపడి ఉన్నది: కన్ను, పాదం, చెవి. చెవిని పరీక్షించాలంటే మిగిలిన రెండింటినీ తప్పించాలి. కళ్లు మూయడం సులభం. పాదాన్ని మోసం చేయడానికి మందమైన నురుగుపరుపు మీద నిలబెడతారు. గట్టి నేల మీద కళ్లు తెరిచి, తరువాత మూసి. పరుపు మీద కళ్లు తెరిచి, తరువాత మూసి. ఒక్కొక్క స్థితిలో 30 సెకన్లు. చివరి స్థితిలో మాత్రమే తూలిపోతే అనుమానం చెవి వైపు పోతుంది. 1986లో అన్ షమ్‌వే-కుక్, ఫే హోరాక్ అనే అమెరికన్ భౌతికచికిత్స నిపుణులు ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. తలను పక్కలకు తిప్పుతూ నిలబడమంటే పరీక్ష ఇంకా కఠినమవుతుంది, దాగిన లోపం బయటపడే అవకాశం పెరుగుతుంది. వైద్యుని సహాయకుడు పక్కనే చేతులు చాచి నిలబడనిదే ఈ పరీక్ష చేయరాదు. ఇంట్లో పరుపు మీద ఒంటరిగా ప్రయత్నించడం పడిపోవడానికి దారి.

ఈ పరీక్షకు కూడా హద్దులున్నాయి. అమెరికా ప్రభుత్వం 2001 నుంచి 2004 వరకు జరిపిన ఆరోగ్య సర్వేలో నలభై ఏళ్లు దాటినవారిని పరుపు మీద కళ్లు మూసి నిలబెట్టగా సుమారు 35 శాతం మంది నిలవలేకపోయారని 2009లో ప్రకటించారు. ముగ్గురిలో ఒకరికి చెవి జబ్బు అని దీని అర్థం కాదు. మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు, మోకాళ్ల నొప్పులున్నవారు, కండబలం తగ్గిన వృద్ధులు కూడా పరుపు మీద నిలవలేరు. పరుపు పరీక్షలో తప్పినవారిని మరింత పరీక్షించాలి. అంతే గాని, ఆ ఒక్క ఫలితంతో వ్యాధి పేరు రాయడం తొందరపాటు.

గనుల పట్టణం, స్ట్రెప్టోమైసిన్ సూది

రెండు చెవులూ ఒకేసారి దెబ్బతింటే తల తిరగదు. ఇది వినడానికి వింతగా ఉంటుంది. తిరుగుడు అనేది రెండు చెవుల కబుర్లకు మధ్య తేడా వల్ల పుడుతుంది. రెండూ సమానంగా మూగబోతే తేడా ఉండదు. పగలు మనిషి బాగానే తిరుగుతాడు. చీకటి పడగానే, కరెంటు పోగానే, ఇసుక మీదనో దున్నిన పొలంలోనో అడుగు పెట్టగానే తాగినవానిలా తూలుతాడు. నడుస్తుంటే ఎదుటి దృశ్యమంతా ఎగిరెగిరి పడుతుంది. ఆగితేనే ఎదుటి మనిషి ముఖం ఆనుతుంది.

ఈ రకం నష్టానికి పేరుమోసిన కారణం కొన్ని సూదిమందులు. క్షయవ్యాధికి మొట్టమొదటి సమర్థమైన మందు అయిన స్ట్రెప్టోమైసిన్ 1943లో వెలుగుచూసింది. లక్షల ప్రాణాలు నిలిపిన ఆ మందే లోపలి చెవి రోమకణాలను చంపగలదని కొద్ది ఏళ్లలోనే తేలింది. స్ట్రెప్టోమైసిన్ చికిత్సలో ఇలా నష్టపోయిన ఒక అమెరికన్ వైద్యుడు 1952లో తన స్థితిని ఒక వైద్య పత్రికలో రాశాడు. మంచం మీద కూర్చొని చదవాలంటే గుండె కొట్టుకొనే అదురుకే అక్షరాలు ఊగేవట. తలను మంచం కడ్డీల మధ్య ఆనించి స్థిరపరచుకొని చదివేవాడట.

కేజీఎఫ్‌కు ఈ చరిత్ర దూరమైనది కాదు. అక్కడి బంగారం స్ఫటికశిలలో ఉండేది. ఆ రాయిని తొలిచినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ కలిగిస్తుంది. మన దేశంలో సిలికోసిస్‌ను తొలిగా గుర్తించిన చోట్లలో కోలారు గనులు ఒకటి. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులభంగా సోకుతుంది. ఆ తరంలో క్షయకు స్ట్రెప్టోమైసిన్ సూదే ప్రధానమైన మందు. గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. తెలుగు, తమిళ గనికార్మికుల కుటుంబాలు మాత్రం రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పం వాడలలో ఇంకా ఉన్నాయి. ఇంట్లో పెద్దవారు రాత్రి పెరట్లోకి వెళ్లడానికి జంకుతుంటే, చీకట్లో గోడ పట్టుకొని నడుస్తుంటే, దానిని ముసలితనమని మాత్రమే అనుకోకుండా, ‘ఎప్పుడైనా నెలల తరబడి సూదులు వేయించుకొన్నారా’ అని అడగడం మంచిది. ఆ ఒక్క సంగతి వైద్యునికి దారి చూపగలదు. తిరగబెట్టిన క్షయకు స్ట్రెప్టోమైసిన్ సూదులు ఇవ్వడం ఇటీవలివరకు సాగింది. జెంటామైసిన్ వంటి సూదులు నేటికీ ఆసుపత్రులలో వాడుకలో ఉన్నాయి. ప్రాణం నిలపడానికి అవి కావలసిన సందర్భాలున్నాయి. వేయించుకొంటున్నప్పుడు నడక తూలినా, చూపు ఊగినా వెంటనే చెప్పాలి. చచ్చిన రోమకణాలు తిరిగి మొలవవు.

ఇలాంటివారికి ఒక ప్రమాదం గురించి తప్పక తెలియజేయాలి. కళ్లు, పాదాలు రెండూ పనిచేయని చోటు నీటి అడుగు. రెండు చెవులూ పోయిన మనిషి బావిలోనో చెరువులోనో మునిగితే పైకేదో కిందికేదో తెలియదు. ఈత బాగా వచ్చినవాడైనా పైకి ఈదుతున్నానని అనుకొంటూ అడుగుకు పోగలడు.

తల విదిలింపు; ఆలస్యం చేయకూడని వేళ

రోగిని తన ముక్కు వైపే చూడమని చెప్పి, వైద్యుడు అతని తలను చిన్నగా, చటుక్కున ఒక పక్కకు తిప్పుతాడు. చెవి బాగుంటే కళ్లు గురుతు మీదే నిలుస్తాయి. చెవి చెడి ఉంటే కళ్లు తలతో పాటు జరిగిపోయి, మళ్లీ ఒక్క గెంతుతో గురుతు మీదికి వస్తాయి. సిడ్నీకి చెందిన మైకేల్ హాల్మాగ్యి, ఇయన్ కర్తోయ్స్ 1988లో వివరించిన ఈ పరీక్షకు కూడా ఉపకరణమేమీ అక్కరలేదు. కళ్ల కదలికను సూక్ష్మంగా పట్టే కెమెరా అద్దాలు ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో ఉన్నాయి.

గంటలు గడిచినా ఆగని తిరుగుడు విషయంలో ఈ పరీక్ష విలువ చాలా ఎక్కువ. అలాంటి రోగిలో కళ్లు గెంతితే జబ్బు చెవి నరానిదై ఉండే అవకాశం ఎక్కువ. కళ్లు స్థిరంగా నిలిచి పరీక్ష ‘బాగున్నట్లు’ కనిపిస్తేనే భయపడాలి, ఎందుకంటే అప్పుడు కారణం మెదడు వెనుకభాగంలో రక్తనాళం మూసుకుపోవడం కావచ్చు. చెవి జబ్బు వేషంలో వచ్చే పక్షవాతం ఇది. మొదటి గంటలలో స్కానింగ్ కూడా దీనిని పసిగట్టలేకపోవచ్చు. తల తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, ముఖం గాని చేయి గాని ఒక పక్క చచ్చుబడటం, మింగలేకపోవడం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి, ఆసరా లేనిదే కూర్చోలేకపోవడం వీటిలో ఏది ఉన్నా మందుల దుకాణానికి కాదు, 108కి ఫోను చేయాలి.

చెవిలో నీరు పోసి చూసే పరీక్ష

పెద్ద ఆసుపత్రులలో చేసే పరీక్షలలో పాతది, నేటికీ నిలిచినది ఒకటున్నది. వియన్నా నగరంలో రాబర్ట్ బరానీ అనే యువ వైద్యుడు రోగుల చెవులు నీటితో కడుగుతుండేవాడు. నీరు చల్లగా ఉంటే రోగికి తల తిరిగేది, కళ్లు ఒక వైపు అదిరేవి. నీరు మరీ వేడైనప్పుడు కళ్లు ఎదురువైపు అదిరాయి. నాళంలోని ద్రవం ఒక పక్క చల్లబడి బరువెక్కుతుంది, వేడెక్కితే తేలికపడుతుంది, అందుకే కదులుతుంది అని ఆయన ఊహించాడు. ఒక్కొక్క చెవిని విడిగా పరీక్షించే మార్గం అలా దొరికింది. ఇందుకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటించేనాటికి ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో చిక్కి రష్యాలో ఖైదీగా ఉన్నాడు, 1916లో విడుదలయ్యాడు.

ఇప్పుడు శరీరపు వేడికి ఏడు డిగ్రీలు తక్కువగా, ఏడు డిగ్రీలు ఎక్కువగా, అంటే 30, 44 డిగ్రీల నీటిని ఒక్కొక్క చెవిలోకి పంపి, కళ్ల అదురును కొలుస్తారు. కొద్ది నిమిషాలు తల గట్టిగానే తిరుగుతుంది. అది పరీక్ష సరిగా జరుగుతున్నదనడానికి గురుతే గాని కీడు కాదు. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు ముందుగా చెప్పాలి, వారికి నీరు వాడరు. తల తిరుగుడును అణచే మాత్రలు పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి కనుక ఎన్ని రోజులు ముందు ఆపాలో వైద్యుడే చెబుతాడు. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ మందులను సొంతంగా ఆపరాదు. ఆ అణచే మాత్రలు మొదటి రెండు మూడు రోజులలో ఉపశమనానికి పనికివస్తాయి. నెలలకొద్దీ వాడితే మత్తు కలిగించి, మెదడు తనంతట తాను సర్దుకొనే పనికి అడ్డు తగులుతాయి. మెదడు సర్దుకోవడానికి కావలసినది కదలికే. అందుకే 1940ల నాటి ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ రూపొందించిన తల, కంటి వ్యాయామాలు నేటికీ కొద్ది మార్పులతో నేర్పుతున్నారు.

కోలారులో ఎక్కడ, ఏమని అడగాలి

కోలారు పట్టణంలోని శ్రీ నరసింహరాజ జిల్లా ఆసుపత్రిలోను, టమకలోని శ్రీ దేవరాజ్ అరసు వైద్య కళాశాలకు చెందిన ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రిలోను చెవి, ముక్కు, గొంతు విభాగాలున్నాయి. మొదట వెళ్లవలసినది అక్కడికే. నరాల జబ్బు అనుమానమైతే బెంగళూరులోని నిమ్హాన్స్‌కు పంపుతారు. వినికిడి, సమతౌల్యాలకు సంబంధించిన లోతైన పరీక్షల కోసం మైసూరులో 1965లో కేంద్రప్రభుత్వం నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. ఈ.ఎస్.ఐ. ఉన్న కార్మికులు తమ ఈ.ఎస్.ఐ. వైద్యుని చీటీతో వెళితే ఖర్చు తగ్గుతుంది.

వైద్యుని ఎదుట సంకోచించకుండా రెండు ప్రశ్నలు అడగవచ్చు: ‘పడుకోబెట్టి తల తిప్పి చూశారా? పరుపు మీద కళ్లు మూసి నిలబెట్టి చూడవలసి ఉన్నదా?’ కన్నడంలో చెప్పలేనివారు తిరుగుడు ఎంతసేపు ఉంటుంది, ఏమి చేస్తే వస్తుంది, ఏ చెవిలో హోరు ఉన్నది, ఇదివరకు ఏ సూదులు వేయించుకొన్నారు అన్న నాలుగు సంగతులు బడికి పోయే పిల్లలచేత ఒక కాగితం మీద కన్నడంలో రాయించుకొని వెళ్లడం తేలిక. వీలైతే తిరుగుడు వచ్చిన సమయంలో ఇంట్లోవారు రోగి కళ్లను ఫోనులో వీడియో తీసి ఉంచాలి. ఆసుపత్రికి చేరేసరికి ఆగిపోయే కళ్ల అదురును వైద్యుడు అందులో చూడగలడు.

ఇక పని సంగతి. తల తిరుగుడు చెబితే పని పోతుందన్న భయంతో చాలామంది దాస్తారు. ఆ భయానికి కారణం లేకపోలేదు, కడ్డీ దాటనివాడిని శాశ్వతంగా పనికిరానివాడిగా చూసే మేస్త్రీలున్నారు. అయితే స్ఫటికాలు జారినవారికి ఇది తాత్కాలికమైన బాధ. సరిచేయించుకొని, మళ్లీ మంచం మీద పరీక్షించి కళ్లు అదరడం లేదని తేలిన తరువాత ఎత్తు పనికి వెళ్లవచ్చునో లేదో వైద్యుడు రాసి ఇస్తాడు. అది మరల వచ్చే అవకాశం ఉన్నది గనుక, వచ్చిన రోజున నేలమీది పని అడగాలి. రెండు చెవులూ పోయినవారికి మాత్రం పరంజా, రాత్రి షిఫ్టులో మసక వెలుతురు, నిచ్చెన నిజంగానే తగవు; పగటిపూట నేలమీద చేసే పనులలో చాలావాటికి వారు తక్కువైనవారు కారు. వైద్యుడు ఇచ్చే చీటీలో ‘తల తిరుగుడు’ అని మాత్రమే కాకుండా, ఏ చెవి, ఏ కారణం, ఏ పని ఎంతకాలం తగదు, తిరిగి పరీక్ష ఎప్పుడు అన్నవి రాయించుకోవాలి. ఆ చీటీ నకలు ఒకటి ఇంట్లో ఉంచుకొని మరొకటి మేస్త్రీకి ఇవ్వాలి.